బ్రీడింగ్‌కి ఎలుకల్ని ఎంచుకోవడానికి గ్లౌజు పరీక్ష

పెంపుడు ఎలుకల్లో వేటిని బ్రీడింగ్‌కి ఉంచుకోవాలో తేల్చుకోవడం పెద్ద తలనొప్పి. మేత పెట్టే వేళకి అన్నీ సాధువుల్లాగే కనిపిస్తాయి మరి.

అందుకే చేతిలో మేత లేకుండా చూడండి. చేతులు సబ్బుతో కడుక్కుని, మందపాటి తోలు గ్లౌజు వేసుకుని, బోనులో ఒక నిమిషం చెయ్యి కదపకుండా ఉంచండి. వరసగా 4-5 రోజులు, రోజూ ఒకే వేళకి. మీసాలు ఆడిస్తూ వచ్చి, వాసన చూసి, గ్లౌజు మీదికెక్కేదాన్ని ఉంచుకోండి. మూలకి నక్కేదాన్ని ఇంకో నెల మచ్చిక చేసి మళ్ళీ చూడొచ్చు. బొచ్చు నిక్కబొడుచుకుని, పక్కకి తిరిగి మీదికొచ్చేదాన్ని మాత్రం, రంగు ఎంత ముచ్చటగా ఉన్నా జత కట్టించొద్దు. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో 1972లో బయట పట్టిన ఎలుకలతో మొదలుపెట్టిన ప్రయోగంలోనూ గ్లౌజు చేతిని చూసి అవి ఎలా ప్రవర్తిస్తాయన్నదాన్ని బట్టే ఎంచారు. సౌమ్యంగా ఉన్నవాటిని జత కట్టిస్తూ పోతే, తరాలు గడిచేకొద్దీ ఆ సౌమ్యత పిల్లల్లో స్పష్టంగా కనిపించింది.

మగవాటి తీరు ఎదిగాక మారొచ్చు కాబట్టి జత కట్టించే ముందు ఇంకోసారి చూడండి.

ఒక్క జాగ్రత్త: పాలిచ్చే తల్లికి ఈ పరీక్ష పెట్టొద్దు. ఈనిన కొత్తలో ఎంత మంచి ఎలుకైనా పిల్లల కోసం కరవొచ్చు. పిల్లలు పాలు మానాకే, అంటే 3-4 వారాలు దాటాకే చూడండి.