తాళం వేసిన ఇంట్లో ఫ్రిజ్ ఎందుకు నడవాలి?

సోంపేటలోని మా ఇంటికి సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవులకు ఒకసారి వెళ్తాం. తక్కిన రోజుల్లో తాళమే. అయినా మీటరు తిరుగుతూనే ఉండేది. ఇంట్లో నడుస్తున్నది ఫ్రిజ్ ఒక్కటే. దానిలో సగం సీసా నీళ్లు, అడుగున కాస్త ఆవకాయ.

సమస్య: ఎవరూ లేకపోయినా యూనిట్లు పెరుగుతున్నాయి.

కారణం: ఖాళీ ఫ్రిజ్‌లోకి కూడా గోడల గుండా వేడి చొరబడుతూనే ఉంటుంది. దాన్ని బయటికి తోడడానికి కంప్రెసర్ పనిచేయక తప్పదు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి 200 యూనిట్లని ఉంటే, నెలకు దాదాపు 17 యూనిట్లు ఎవరికీ ఉపయోగపడకుండా పోతున్నట్లే.

పరిష్కారం: రెండు మూడు వారాలకు మించి ఊరు వెళ్తుంటే ఆపేయండి. ముందురోజే ఖాళీ చేసి, ప్లగ్ తీసి, మంచు కరగనివ్వండి. వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో లోపలంతా తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా చేయండి. తలుపు రబ్బరు మడతల్లోకి వేలితో గుడ్డ జొనిపి తుడవాలి. నల్ల బూజు మొదలయ్యేది అక్కడే. వెనుక కంప్రెసర్ దగ్గరుండే నీళ్ల ట్రేను తప్పక ఒంపేయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ కాసిన్ని నీళ్లు చాలు.

తలుపు మాత్రం మూయకండి. మా సోంపేట లాంటి తీరప్రాంతాల్లో సముద్రపు తేమకు మూసిన ఫ్రిజ్ కుళ్లు వాసన పట్టేస్తుంది. మడిచిన తువ్వాలు అడ్డుపెట్టి, తలుపు అంతకు మించి తెరుచుకోకుండా తాడుతో కట్టండి. చిన్నపిల్లలు లోపలికి దూరితే ప్రాణాపాయం.

సమస్య: మనం ఉన్న నాలుగు రోజులూ కంప్రెసర్ ఆగడం లేదు.

ముందు రబ్బరును అనుమానించండి. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే చల్లదనం అక్కడినుంచే పోతోంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెడితే గట్టిపడిన రబ్బరు కొంత సాగుతుంది, చిరిగితే మార్చాల్సిందే. తర్వాత, వెనుక కాయిల్స్ బయటికి కనిపించే రకమైతే, ప్లగ్ తీసి దుమ్ము దులిపి, గోడకు బెత్తెడు దూరం జరపండి.

సమస్య: ఫ్రీజర్‌లో మంచు పేరుకుంది.

అర సెంటీమీటరు దాటితే కరిగించండి. కత్తితో పొడవకండి, గొట్టానికి చిల్లుపడి గ్యాస్ పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, వారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటే ఈ పొదుపు ఆలోచనే వద్దు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు (జ్వరం చూసేది కాదు, ఫ్రిజ్ చల్లదనం చూపేది) వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. 4, 5 డిగ్రీలు చూపితే నాబ్‌ను ఇక ముట్టుకోనక్కర్లేదు.