పాత కంప్యూటర్‌తో సురక్షితమైన నెట్‌వర్క్ గేట్‌వే: ఎలా చేయాలి?

మూలన పడేసిన డెస్క్‌టాప్‌లో 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ ఉంటే ఓపీఎన్‌సెన్స్ (ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్) వేసి ఫైర్‌వాల్ గేట్‌వేగా, అంటే ఇంటి నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా ద్వారంగా వాడుకోవచ్చు. ముందు కరెంటు లెక్క చూసుకోండి. రోజంతా 50 వాట్లు లాగే యంత్రం ఏడాదికి 438 యూనిట్లు తింటుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది నెట్‌వర్క్ కార్డు దగ్గర. ఓపీఎన్‌సెన్స్ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. అందులో కొన్ని రియల్‌టెక్ చిప్‌లు లోడు పెరిగితే లింక్ తెంచేస్తాయి. ఇంటెల్ ఐ210 లేదా ఐ350 చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొనండి. పాత పీసీఐ స్లాటు వద్దు. దాని గరిష్ఠ వేగం సెకనుకు 133 మెగాబైట్లే, అదీ కార్డులన్నీ పంచుకోవాలి. యూఎస్‌బీ అడాప్టర్లను నమ్ముకోకండి.

1. సీఆర్2032 బ్యాటరీ మార్చండి. గడియారం తప్పితే సర్టిఫికెట్లు చెల్లవు, అప్‌డేట్లు ఆగిపోతాయి. కరెంటు పోయి వస్తే యంత్రం దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) పెట్టండి.

2. ఓపీఎన్‌సెన్స్ వీజీఏ ఇమేజ్ (మానిటర్ ఉన్న యంత్రానికి ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని, షా256 విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) సరిపోల్చాకే పెన్‌డ్రైవ్‌కు రాయండి. బూట్ అయ్యాక యూజర్ 'ఇన్‌స్టాలర్', పాస్‌వర్డ్ 'ఓపీఎన్‌సెన్స్' (రెండూ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో: installer, opnsense). డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

3. పూర్తయ్యాక తెరపై కనిపించే కన్సోల్ మెనూలో 1 నొక్కి వాన్ (ఇంటర్నెట్ వైపు), లాన్ (ఇంటివైపు) పోర్టులు కేటాయించండి. ఏది ఏదో తెలియకపోతే రెండు కేబుళ్లూ పీకి, ఆటో డిటెక్షన్ ఎంచుకుని, అడిగినప్పుడు ఒక్కొక్కటే పెట్టండి. ఇక్కడ తారుమారైతే ఇంటివైపు ఉండాల్సిన లాన్ పోర్టు ఇంటర్నెట్ వైపు తిరిగిపోతుంది.

4. లాన్ అడ్రసు మొదట 192.168.1.1 ఉంటుంది. మోడెమ్‌దీ అదే వరుసైతే నెట్ రాదు. మెనూలో 2 నొక్కి లాన్‌ను 192.168.50.1కు మార్చండి. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను నేరుగా అందించే పద్ధతిలో) పెడితే డబుల్ నాట్, అంటే మోడెమ్, గేట్‌వే రెండూ అడ్రసులు మార్చే బెడద కూడా తీరుతుంది.

5. పాత వైఫై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే ఇచ్చే పెట్టె) చేయండి: అడ్రసు 192.168.50.2, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆఫ్. గేట్‌వే నుంచి వచ్చే కేబుల్ దాని లాన్ పోర్టుకే పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు.

6. రూట్ (అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ వెంటనే మార్చి, అప్‌డేట్ చేయండి. వాన్ వైపు మామూలుగా అన్నీ మూసే ఉంటాయి. బయటి నుంచి చూసుకోవాలని అడ్మిన్ పేజీని మాత్రం తెరవకండి, దానికి వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్, అంటే గుప్త దారి) పెట్టుకోండి. అంతా కుదిరాక సెట్టింగుల ఎక్స్‌ఎంఎల్ ఫైలును వేరే కంప్యూటర్‌లో దాచండి. పాత డిస్క్ ఏ రోజైనా చెడిపోవచ్చు. ఆ ఫైలుంటే కొత్త డిస్క్‌లో సెట్టింగులన్నీ మళ్లీ చేత్తో పెట్టక్కర్లేదు.