రాయడమా, వెళ్లి మాట్లాడడమా: అపొస్తలుల పత్రికలను ఈ ప్రశ్నతో చదివే విధానం

అపొస్తలులు, అంటే యేసు సువార్తను చాటడానికి పంపబడినవారు, సంఘాలకు, వ్యక్తులకు రాసిన ఉత్తరాలే బైబిలు కొత్త నిబంధనలోని పత్రికలు. ముందుగా వాటిలో యోహాను రాసిన రెండవ పత్రికను తీసుకోండి. 13 వచనాలే గనుక ఒక్క విడతలో, పైకి వినబడేలా చదవండి. ఆనాటి సంఘాల్లో ఒకరు చదువుతుంటే మిగిలినవారు వినేవారు. 12వ వచనం దగ్గర ఆగండి. చెప్పవలసినవి ఎన్నో ఉన్నా సిరాతో, కాగితంతో రాయడం ఇష్టం లేదని, సంతోషం పరిపూర్ణమయ్యేలా వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశిస్తున్నానని యోహాను అంటాడు. అయితే తప్పుడు బోధ తెచ్చేవారిని ఇంట చేర్చుకోవద్దన్న హెచ్చరికను ఆయన తన రాక వరకు ఆపలేదు, 10వ వచనంలోనే రాసేశాడు. ఏది వెంటనే రాశాడు, ఏది కలిసే రోజుకు దాచుకున్నాడు అన్న ఈ గమనింపుతోనే తక్కిన పత్రికలనూ చదవాలి.

తర్వాత అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణ సంఘానికి రాసిన రెండవ కొరింథీయుల పత్రికలో 1:23 (1వ అధ్యాయం, 23వ వచనం) నుంచి 2:4 వరకు, మధ్యలో అధ్యాయం మారినా ఆగకుండా చదవండి. ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఇక్కడే. తాను కొరింథుకు రాకపోవడం వారిపట్ల కనికరంతోనేనని, అంతకుముందు వేదనతో, కన్నీళ్లతో ఒక పత్రిక రాశానని పౌలు చెబుతాడు. దీన్ని ఎదురుపడలేని పిరికితనంగా చూడడం అన్యాయమని నా దృఢాభిప్రాయం. తాను వచ్చేలోగా వారు తమను సరిదిద్దుకునే వ్యవధి ఆ పత్రిక వల్లే దొరికింది. దాని ఫలితం 7వ అధ్యాయంలో ఉంది: ఆ పత్రిక వారిని దుఃఖపెట్టి మారుమనస్సుకు నడిపించిందని మాసిదోనియలో తన సహచరుడు తీతు నోట విన్నాకే పౌలుకు ఊరట కలిగింది. పత్రికల్లో ఘనుడు, ఎదుట బలహీనుడు అన్న విరోధుల నిందను 10:10లో చూసి, దానికి ఆయన జవాబును తర్వాతి వచనంలో చదవండి.

గలతీయులకు 4:20ను దీని పక్కన పెట్టండి. అక్కడ పౌలు వారి మధ్య ఉండి స్వరం మార్చి మాట్లాడాలని కోరుకుంటాడు.

పత్రిక వెంట వెళ్లిన మనుషులను కూడా గుర్తించండి. కొలొస్సయులకు 4:7-9 ప్రకారం పౌలు సంగతులన్నీ ఆయన పంపిన తుకికు, ఒనేసిము నోటితో చెబుతారు. అపొస్తలుల కార్యములు 15:27లో యెరూషలేము సంఘం పంపిన యూదా, సీలలు పత్రికలోని మాటలనే స్వయంగా వినిపించడానికి వెళతారు. వారు వివరించిన ఎన్నో విషయాలు మనకు అందలేదని గుర్తుంచుకుంటే, ఒక్క వాక్యం మీద పెద్ద సిద్ధాంతం కట్టే తొందర తగ్గుతుంది.

చివరగా ఫిలేమోను పత్రికను చదివి, ఫిలేమోను దాసుడైన ఒనేసిమును చేర్చుకోమన్న విన్నపానికీ, తనకు బస సిద్ధం చేయమన్న 22వ వచనానికీ మధ్య సంబంధమేమిటో మీ మాటల్లో రాసుకోండి.