పాత డైవ్ వాచీ జోరుగా, కొత్తది నీరసంగా కనిపిస్తోందా? సర్వీసుకి పంపే ముందు ఇవి చూడండి

రోలెక్స్ సబ్‌మెరీనర్ పాత 16610, కొత్త 126610 రెండూ ఉన్నవాళ్లు వాటిని పక్కపక్కన పెట్టి టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్‌టిక్ చప్పుడు విని పనితీరు కొలిచే మెషీన్) మీద కొలుస్తారు. తరవాత వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "పాతది 285 డిగ్రీలు చూపిస్తోంది, కొత్తది 240 కూడా దాటట్లేదు. మూవ్‌మెంటే తేడాగా ఉన్నట్టుంది." మూవ్‌మెంట్ అంటే వాచీ లోపలి యంత్రం. ఆ డిగ్రీలు దాంట్లోని బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతుందో చెప్పే యాంప్లిట్యూడ్ అంకె. ఒమేగా సీమాస్టర్ వాళ్లదైతే ఇంకో రకం. పాతది మామూలుగానే వస్తుంది, కొత్తది నమ్మలేని అంకె చూపిస్తుంది, లేదా స్క్రీన్ మీద టిక్‌లను చూపే గీత చెల్లాచెదురుగా పడుతుంది. ఇలాంటప్పుడు వాచీ వెనక మూత విప్పాల్సిన అవసరం చాలా అరుదు. తప్పు ఎక్కువగా కొలిచిన తీరులోనే ఉంటుంది.

రెండిటికీ నిండా కీ ఇచ్చారా?

అందరూ వదిలేసేది ఇదే. 16610లోని 3135 మూవ్‌మెంట్ నిండా కీ ఉంటే సుమారు 48 గంటలు నడుస్తుంది. 126610లోని 3235 దాదాపు 70 గంటలు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం 7కి రెండూ చేతి నుంచి తీసి పెట్టారనుకోండి. పాతది ఆదివారం సాయంత్రానికి ఆగిపోతుంది. కొత్తది సోమవారం పొద్దున కూడా తిరుగుతూనే ఉంటుంది. ఆగిపోయింది కాబట్టి పాతదానికి శుభ్రంగా కీ ఇస్తారు. నడుస్తోంది కదా అని కొత్తదాన్ని అలాగే మెషీన్ మీద పెడతారు. ఒకటి కడుపునిండా తిని వచ్చింది, రెండోది అరవై గంటల ఉపవాసంలో ఉంది. వాటికి పోటీ పెట్టి ఎవరు గెలిచారని అడిగితే ఏం లాభం?

క్రౌన్ (పక్కనుండే కీ బొడిపె) మర విప్పండి, బయటికి లాగకండి. ముల్లు తిరిగే వైపు రెండిటికీ 40 చుట్లు ఇవ్వండి. ఎక్కువైతే స్ప్రింగు తెగుతుందన్న భయం అక్కర్లేదు. ఆటోమేటిక్ వాచీల్లో నిండాక స్ప్రింగు కొస డ్రమ్ము గోడ మీద జారిపోయేలా చేసి ఉంటుంది. క్రౌన్ మళ్లీ బిగించి అరగంట ఆగి కొలవండి. అప్పుడే కీ ఇచ్చిన వాచీ కాసేపు కాస్త ఎక్కువే చూపిస్తుంది.

చెయ్యి ఎక్కువ ఆడని డెస్కు ఉద్యోగులకు కొత్త వాచీ రోజూ సగం కీతోనే నడుస్తూ ఉండొచ్చు. 70 గంటల నిల్వ ఉంది కాబట్టి అది ఆగదు. ఆగదు కాబట్టి కీ తక్కువైన సంగతి ఎవరికీ తెలియదు.

కీ నిండా ఉన్నా కొత్తది తక్కువే చూపిస్తే: లిఫ్ట్ యాంగిల్

అసలు దొంగ ఇక్కడున్నాడు. బాగున్న వాచీలను అనవసరంగా సర్వీసుకి పంపించేది ఎక్కువగా ఇదే.

బ్యాలెన్స్ చక్రం మధ్య నుంచి ఒక పక్కకు ఎన్ని డిగ్రీలు ఊగుతుందో అదే యాంప్లిట్యూడ్. టైమ్‌గ్రాఫర్ ఆ చక్రాన్ని చూడదు, చప్పుడు మాత్రమే వింటుంది. మనకు ఒక్క 'టిక్'లా వినిపించేదాంట్లో నిజానికి కొన్ని చిన్న చప్పుళ్లుంటాయి. చక్రంలోని రాయి ప్యాలెట్ ఫోర్కును (అటూ ఇటూ ఊగే చిన్న కవ్వలాంటి మీటను) తాకినప్పుడు మొదటిది, ఎస్కేప్ వీల్ అనే పళ్ల చక్రం పన్ను ఆ ఫోర్కుకున్న రాయి మీద పడి ఆగినప్పుడు చివరిది. ఈ రెండిటి మధ్య చక్రం తిరిగే దూరమే లిఫ్ట్ యాంగిల్. మెషీన్‌కి తెలిసేది సమయం. దూరం మీరు చెప్పాలి. దూరం తక్కువ చెబితే వేగం తక్కువని లెక్క కట్టి, యాంప్లిట్యూడ్ తగ్గించి చూపిస్తుంది.

చవక మెషీన్లు చాలావరకు లిఫ్ట్ యాంగిల్‌ను 52 డిగ్రీల దగ్గర పెట్టి వస్తాయి. 3135కి కావాల్సింది సరిగ్గా 52. అందుకే పాత సబ్‌మెరీనర్ అంకె ఏమీ మార్చకుండానే సరిగ్గా వస్తుంది. 3235కి కావాల్సింది 55. సెట్టింగు మార్చకపోతే నిజంగా 270 ఊగుతున్న చక్రం 255 అని కనిపిస్తుంది. దానికి తోడు కీ కూడా సగమే ఉంటే 240 కిందికి పోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఒమేగా కో-యాక్సియల్‌లో (చక్రాన్ని నెట్టే భాగాల అమరిక వేరుగా ఉండే మూవ్‌మెంట్లలో) ఇది తలకిందులు. 8800 లాంటి మూవ్‌మెంట్లకు లిఫ్ట్ యాంగిల్ 38 దగ్గర. 52 మీద కొలిస్తే నిజమైన 280 కాస్తా 383 అవుతుంది. చక్రం నిజంగా అంత ఊగితే రాయి చుట్టూ తిరిగొచ్చి వెనక నుంచి ఫోర్కును గుద్దుతుంది, వాచీ గంటకు నిమిషాల చొప్పున పరిగెడుతుంది. అంటే స్క్రీన్ మీద 350 దాటిన అంకె కనిపిస్తే వాచీని కాదు, సెట్టింగును అనుమానించాలి.

సరిచేసే క్రమం ఇదీ:

1. మెషీన్‌లో లిఫ్ట్ యాంగిల్ మార్చండి: 3135కి 52, 3235కి 55, కో-యాక్సియల్‌కి 38.
2. బీట్ రేటు (గంటకు ఎన్ని టిక్‌లు) ఆటోలో వదలకండి. 3135, 3235 రెండూ గంటకు 28,800. ఒమేగా 8800 మాత్రం 25,200. సీమాస్టర్‌లో వచ్చిన 2500 మూవ్‌మెంట్ మొదట్లో 28,800తో వచ్చింది, తరవాతి రూపాల్లో 25,200కి తగ్గింది. ఒకే పేరు చూసి ఒకే అంకె పెడితే గీత చెదిరిపోతుంది.
3. క్రౌన్ లోహం మైకు వైపు ఆనాలి. వాచీ బ్రేస్‌లెట్ మీదనో, రబ్బరు మీదనో ఆనుకుంటే చప్పుడు సగం పోతుంది.
4. డయల్ పైకి ఉంచి ఒక నిమిషం, క్రౌన్ కిందికి ఉంచి ఇంకో నిమిషం చూడండి. నిలువుగా పెట్టినప్పుడు 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం మామూలే.

సెకన్ల లెక్కకూ, బీట్ ఎర్రర్‌కూ (టిక్‌కూ టాక్‌కూ మధ్య సమయం తేడా) లిఫ్ట్ యాంగిల్‌తో సంబంధం లేదు. ఆ రెండూ బాగుండి యాంప్లిట్యూడ్ ఒక్కటే వింతగా ఉంటే కారణం ఇదేనని దాదాపు తేల్చేయవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట. అమ్మేవాళ్లు పెట్టే టైమ్‌గ్రాఫర్ ఫోటోలో పెద్ద అంకెలే కాదు, మూలనున్న లిఫ్ట్ యాంగిల్ కూడా చదవండి. 16610ని 58 మీద కొలిస్తే 250 ఉన్నది 279లా మెరుస్తుంది. ఆ మూల కత్తిరించిన ఫోటో అయితే ఇంకోటి అడగండి.

ఇవన్నీ సరిచేశాక కూడా, నిండా కీతో డయల్ పైకి ఉన్నప్పుడు 220 దాటకపోతే నూనె ఎండిందనుకోండి. పదేళ్లుగా మూత తెరవని వాచీ అయితే అనుమానమే అక్కర్లేదు. అప్పుడు సర్వీసే.

పాతది ఉన్నట్టుండి రోజుకు 20, 30 సెకన్లు ముందుకు పోతోంది

అయస్కాంతం పట్టింది. పాతవాటిలో బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని స్ప్రింగు (హెయిర్‌స్ప్రింగు) నివరాక్స్ అనే లోహంతో చేసినది. దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేసి వాచీ ముందుకు పరిగెడుతుంది. తరవాతి సబ్‌మెరీనర్లు 116610, 126610ల్లో నీలం ప్యారాక్రోమ్ స్ప్రింగు, ఒమేగా 8800లో సిలికాన్ స్ప్రింగు ఉంటాయి కాబట్టి వాటికి ఈ గొడవ తక్కువ. ఒకే టేబుల్ మీద, ఒకే ట్యాబ్లెట్ కవరు పక్కన రాత్రంతా పెట్టి "పాతది అరిగిపోయింది" అనడం అన్యాయం.

డీమాగ్నెటైజర్ (అయస్కాంతం తీసేసే పరికరం) మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, వాచీని మెల్లగా చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్లాకే బటన్ వదలండి. వాచీ దగ్గరుండగా వదిలితే ఉన్నదానికన్నా ఎక్కువ అయస్కాంతం పడుతుంది. ఫోన్‌లోని దిక్సూచి కదలకపోతే అయస్కాంతం లేదనుకోకండి. స్ప్రింగు ఒక్కటే పట్టుకుంటే సూది కదలదు.

అద్దం లోపల ఆవిరి

క్రౌన్ బిగించలేదు, లేదా గ్యాస్కెట్ (నీరు రాకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడింది. పాత సీమాస్టర్‌లో 10 దగ్గరుండే హీలియం వాల్వ్‌ను (లోపలి వాయువును బయటికి వదిలే ద్వారాన్ని) రెండో క్రౌన్ అనుకుని తిప్పి వదిలేస్తారు, అదీ చూడండి. ఎండలో పెట్టి ఆరబెట్టే ప్రయోగాలు వద్దు. ఆవిరి మాయమవుతుంది, తేమ ముళ్ల మీదా డయల్ మీదా మిగులుతుంది. అదే రోజు మూత తెరిపించాలి. పాత సబ్‌మెరీనర్ 5513 లాంటి యాక్రిలిక్ అద్దం వాచీల డయల్ మీద ఎన్ని మీటర్లని రాసి ఉన్నా, ప్రెషర్ టెస్టు చేయించకుండా నీళ్లలోకి దిగకండి.

లోపంలా కనిపించేవి, లోపం కానివి

పాత సబ్‌మెరీనర్లు 5513, 1680ల బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే అంకెల రింగు) రెండు వైపులా తిరుగుతుంది. అది చెడిపోవడం కాదు, అప్పటి తయారీయే అంత. ఒక్కవైపే తిరిగే బెజెల్ 16800తో వచ్చింది. బిగుసుకుపోతే ఉప్పు, చెమట పేరుకున్నట్టు. గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్షుతో తోముతూ తిప్పండి, వదులవుతుంది.

1680లో తేదీని త్వరగా మార్చే ఏర్పాటు లేదు. క్రౌన్‌ను ఇంకో మెట్టు కోసం గట్టిగా లాగకండి, ముళ్లు తిప్పుతూనే తేదీ మార్చాలి.

పాత 20 మిల్లీమీటర్ల బ్రేస్‌లెట్ 126610కి పెడితే అటూ ఇటూ జరుగుతుంది. దానికి 21 కావాలి.

రోటర్ గరగర శబ్దం, క్రౌన్ మర అరిగిపోవడం లాంటివి ఎప్పుడో గానీ రావు, వస్తే చేతిలో పట్టుకోగానే తెలుస్తాయి.

ఇక చీకట్లో పాత డయల్ వెలగట్లేదన్న ఫిర్యాదు. డయల్ కింద 'స్విస్ - టి<25' అని ఉంటే అది ట్రిటియం. దాని శక్తి 12 ఏళ్ల పైచిలుకు కాలానికోసారి సగమవుతుంది, ఈపాటికి ఆరిపోయి ఉండాలి. కొత్తవాటిలోని క్రోమాలైట్‌తో (నీలంగా వెలిగే పూతతో) పోల్చి దానికి కొత్త రంగు వేయించకండి. వేయించిన రోజే వాచీ విలువ పడిపోతుంది.