విజయవాడలో 10,000 నీటి మీటర్లను లోరావాన్‌తో నడపాలంటే

నీటి మీటరు బిగించేది ఒకసారి, నడపాల్సింది పదేళ్లు. ఆ పదేళ్లలో మీటర్ కంపెనీ మారొచ్చు, సర్వర్ కాంట్రాక్టు ముగియొచ్చు. అప్పుడు గుంటల్లోని మీటర్లను తవ్వితీయకుండా కొత్తవాళ్ల చేతికి అప్పగించగలిగితేనే మీ నెట్‌వర్క్ ఓపెన్ స్టాండర్డ్ మీద ఉన్నట్టు లెక్క. లోరావాన్ అంటే తక్కువ బ్యాటరీతో చిన్న మెసేజ్‌లను దూరం పంపే రేడియో పద్ధతి. దాన్ని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 2021లోనే వై.4480 సిఫార్సుగా ఆమోదించింది. కానీ మీటర్ల ఆప్‌కీలు (నెట్‌వర్క్‌లో చేరడానికి వాడే రహస్య తాళాలు) తయారీదారు దగ్గరే ఉండిపోతే, డేటా విప్పే కోడెక్ మీకు ఇవ్వకపోతే ఆ గుర్తింపు మీకేమీ అక్కరకు రాదు.

అందుకే టెండర్‌లో ఇవి రాయించండి: ప్రతి మీటరుకూ వేర్వేరు ఆప్‌కీ, డెవ్‌ఈయూఐ (మీటరు గుర్తింపు సంఖ్య)తో సహా ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్లో అప్పగింత, కోడెక్ సోర్స్‌తో సహా. పైలట్‌లో రెండు కంపెనీల మీటర్లు, రెండు రకాల గేట్‌వేలు (మీటర్ల సిగ్నల్ విని సర్వర్‌కు చేర్చే పెట్టెలు), చర్ప్‌స్టాక్ లాంటి ఓపెన్ సోర్స్ సర్వర్ కలిపి నడపండి. తర్వాత ఓ 50 మీటర్లను ఇంకో సర్వర్‌కు మార్చి చూడండి. ఇది నెగ్గాకే మిగతా ఆర్డరు. పరికరాలకు డబ్ల్యూపీసీ ఈటీఏ (కేంద్ర వైర్‌లెస్ విభాగం ఇచ్చే పరికర ఆమోదం) ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక గాలిలో చోటు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండు 865–868 మెగాహెర్ట్జ్. లోరావాన్ ఐఎన్865 ప్లాన్‌లో పుట్టుకతో వచ్చే ఛానెళ్లు మూడే: 865.0625, 865.4025, 865.985. చాలామంది వీటితోనే సరిపెట్టేస్తారు, అక్కడే దెబ్బతింటారు. మీటరు నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు సర్వర్ పంపే జవాబు జాయిన్ యాక్సెప్ట్. అందులోని సీఎఫ్‌లిస్ట్ (అదనపు ఛానెళ్ల జాబితా) ద్వారా ఇంకో 5 ఛానెళ్లు ఇవ్వొచ్చు. ఆ ఫ్రీక్వెన్సీలు సర్వర్‌లోనూ, ప్రతి గేట్‌వే కాన్ఫిగరేషన్‌లోనూ ఒకేలా ఉండాలి. ఒక్క గేట్‌వేలో తేడా వచ్చినా దాని పరిధిలోని మీటర్ల మెసేజ్‌లు కొన్ని మాయమవుతుంటాయి, కారణం తేలిగ్గా దొరకదు.

ఎందుకింత పట్టింపంటే, ఈ లెక్క చూడండి. ప్రతి మీటరు 4 గంటలకోసారి 22 బైట్లు పంపుతుందనుకుందాం: మొత్తం రీడింగ్ 4 బైట్లు, గడిచిన 8 గంటల వాడకం గంటకు 2 బైట్ల చొప్పున 16, బ్యాటరీ 1, అలారాలు 1. ఇలా ప్రతి గంట లెక్కా రెండుసార్లు వస్తుంది కాబట్టి ఒక మెసేజ్ పోయినా డేటా పోదు. ఎస్‌ఎఫ్ అంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్: అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ దూరం వెళ్తుంది, వేగం తగ్గుతుంది. మన మెసేజ్ ఎస్‌ఎఫ్12లో కూడా పట్టే 51 బైట్ల హద్దుకు లోపలే ఉంటుంది. ఇదే మెసేజ్ ఎస్‌ఎఫ్7లో సుమారు 77 మిల్లీసెకన్లు గాలిలో ఉంటే, ఎస్‌ఎఫ్12లో 1.8 సెకన్లు ఉంటుంది. 10,000 మీటర్లు రోజుకు 60,000 మెసేజ్‌లు పంపితే, అన్నీ ఎస్‌ఎఫ్12లో ఒకే గేట్‌వేకు వినబడితే, 8 ఛానెళ్లున్నా నాలుగో వంతుకు పైగా ఒకదాన్నొకటి గుద్దుకుని పోతాయి. 3 ఛానెళ్లే అయితే సగానికి మించి పోతాయి. అదే ఎస్‌ఎఫ్7లో, 8 ఛానెళ్లతో, నష్టం ఒకటిన్నర శాతం లోపే. ఇదంతా మీటర్లు వేర్వేరు వేళల్లో పంపితేనే. అన్నిటికీ అర్ధరాత్రి 12 గంటలే పెడితే ఈ లెక్కేదీ నిలవదు. పంపే నిమిషాన్ని డెవ్‌ఈయూఐ నుంచి తీసి చెదరగొట్టండి.

మీటర్లు ఎస్‌ఎఫ్7, 8లలో ఉండాలంటే గేట్‌వేలు దగ్గరగా ఉండాలి. ఇంద్రకీలాద్రి మీద ఒకటి పెడితే ఊరంతా అందుతుందని అనిపిస్తుంది. కానీ ఎక్కువ గెయిన్ యాంటెన్నా కిరణం నిలువున సన్నగా ఉండి కొండ కింది ఇళ్ల మీదుగా వెళ్లిపోతుంది. గుణదల, మొగల్రాజపురం కొండల వెనక నీడ పడుతుంది. వన్‌టౌన్ సందుల్లోని గుంటలకు సిగ్నల్ దిగదు. దాని బదులు పేటపేటకూ ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకులు వాడుకోండి, 5–6 డీబీఐ ఓమ్ని (అన్ని దిక్కులకూ పనిచేసే) యాంటెన్నా చాలు. ప్రతి మీటరూ కనీసం రెండు గేట్‌వేలకు వినబడాలి. కేబుల్ ఎల్‌ఎంఆర్-400 అయితే 10 మీటర్లకు 1.3 డీబీ దాకా పోతుంది. చవకని ఆర్‌జీ-58 వేస్తే సుమారు 5 డీబీ పోతుంది. ట్యాంకు మీద మెరుపు నిరోధకం, ఎర్తింగ్ తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచింది. ట్యాంకు పైన గేట్‌వే భద్రంగా ఉన్నా కింద స్విచ్‌బోర్డు మునిగితే లాభం లేదు, యూపీఎస్‌నూ ఎత్తులోనే పెట్టండి.

గేట్‌వే నుంచి సర్వర్‌కు పాత యూడీపీ ఫార్వర్డర్ (మెసేజ్‌లను సర్వర్‌కు చేరవేసే సాఫ్ట్‌వేర్) వాడొద్దు. అందులో ఎన్‌క్రిప్షన్ గానీ సరైన గుర్తింపు తనిఖీ గానీ లేవు. టీఎల్ఎస్‌తో నడిచే బేసిక్స్ స్టేషన్ పెట్టండి. 4జీ మీద నడుస్తుంటే ఆర్‌ఎక్స్1 డిలే (మీటరు పంపాక జవాబు వినడానికి ముందు ఆగే సమయం)ను 1 సెకను నుంచి 5కు పెంచండి, లేకపోతే జవాబు ఆలస్యంగా చేరి వృథా అవుతుంది. మామూలు రీడింగులకు కన్ఫర్మ్‌డ్ మెసేజ్‌లు (అందిందని జవాబు కోరేవి) అడగొద్దు, ఎందుకంటే గేట్‌వే జవాబు పంపుతున్నంతసేపూ దానికి చెవులు పనిచేయవు.

గుంట దగ్గర అసలు శత్రువు ఇనుప మూత. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) మూత వేయించి, యాంటెన్నాను నీళ్లు నిలిచే మట్టానికి పైన, మూతకు దగ్గరగా బిగించండి. మూత వేశాకే సిగ్నల్ కొలవాలి. ఎస్‌ఎఫ్10కు హద్దు −15 డీబీ ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ బలం). పొడి రోజున −5 కన్నా తక్కువ వస్తే ఆ మీటరు వానాకాలంలో మూగబోవచ్చు.

ఏడీఆర్ (మీటరు వేగాన్ని, పవర్‌ను సర్వర్ సర్దే పద్ధతి) విషయంలో ఒక చిక్కుంది. జవాబు లేకుండా 64 మెసేజ్‌లు గడిస్తేనే మీటరు సర్వర్‌ను పలకరిస్తుంది. ఇంకో 32 గడిచాకే పవర్ పెంచడమో రేటు తగ్గించడమో మొదలుపెడుతుంది. రోజుకు 6 పంపే మీటరుకు ఇది 16 రోజులు, రోజుకు ఒక్కటే పంపితే 3 నెలలకు పైనే. రెండు మూడు రోజులకోసారి లింక్‌చెక్ (నేను వినబడుతున్నానా అనే ప్రశ్న) అడిగేలా, వరసగా జవాబు రాకపోతే మళ్లీ జాయిన్ అయ్యేలా ఫర్మ్‌వేర్‌లో పెట్టించండి.

బ్యాటరీ లిథియం థయోనిల్ క్లోరైడ్, 3.6 వోల్టులు. చివరిదాకా దాదాపు అదే వోల్టేజి చూపించి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి వోల్టేజిని నమ్మి మార్పిడి రోజు తేల్చలేం. సర్వర్‌లో ప్రతి మీటరు గాలిలో గడిపిన సమయాన్ని కూడి చూస్తే ఏది ముందు ఖర్చయిపోతుందో తెలుస్తుంది.

రోజూ పొద్దున ఫ్రేమ్ కౌంటర్ (మెసేజ్‌ల వరస సంఖ్య) ఖాళీలు చూడండి. వీధంతా ఒకేసారి ఆగితే గేట్‌వే తప్పు. ఒక్క మీటరే ఆగితే మూతో నీళ్లో. వాన తర్వాత చెదురుమదురుగా ఆగితే గుంటలు నిండినట్టు. బ్యాటరీ మార్చాక ఆగితే డెవ్‌నాన్స్ (జాయిన్ అడిగిన ప్రతిసారీ మీటరు పంపే అంకె) చూడాలి. లోరావాన్ 1.0.4లో అది పెరుగుతూ పోవాల్సిన అంకె. మీటరు దాన్ని శాశ్వత మెమరీలో దాచకపోతే మళ్లీ మొదటి అంకెతో జాయిన్ అడుగుతుంది, సర్వర్ ఒప్పుకోదు. సర్వర్‌లో ఆ మీటరు డెవ్‌నాన్స్ చరిత్ర చెరిపితే పని జరుగుతుంది. అయితే ప్రతి మార్పిడికీ ఇదే చేయాల్సి వస్తుంటే ఫర్మ్‌వేర్‌ను సరిచేయించి తీరాలి, తాత్కాలిక చిట్కాతో రీప్లే రక్షణ (పాత మెసేజ్‌ను ఎవరైనా మళ్లీ పంపి మోసగించకుండా అడ్డుకునేది) పోగొట్టుకుంటున్నట్టే.