స్పై ఎవరు? 3వ పాఠం: ఆరు జతల లెక్క

పోయిన పాఠంలో మాఫియా చూశాం కదా, 1986లో మాస్కోలో దిమిత్రి డేవిడాఫ్ మొదలుపెట్టిన ఆట, అందులో రాత్రి ఒకరు పోతారు, పొద్దున్నే మిగిలినోళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ అరుచుకుంటారు, చేతికి దొరికే ఆధారం తక్కువ. ఈసారి రెసిస్టెన్స్ అనే ఆట: ఆడేవాళ్లలో కొందరు రహస్యంగా స్పైలు, ప్రతి మిషన్‌కీ ఒక టీమ్ వెళ్తుంది, వెళ్లినవాళ్లు తలా ఒక సక్సెస్ కార్డో ఫెయిల్ కార్డో చాటుగా వేస్తారు. ఇందులో ఎవరూ చావరు, పైగా ప్రతి మిషన్‌కీ కార్డులు (ఎవరిది ఏదో తెలియకుండా కలిపి) బల్ల మీద తెరుస్తారు కాబట్టి లెక్క కుదురుతుంది. కాగితం పెన్ను తెచ్చుకోండి, నిజంగానే.

ఐదుగురు ఆడితే ఇద్దరు స్పైలు. మీరు స్పై కాదనుకుందాం. మిగతావాళ్లు రవి, సుమ, కిరణ్, లత. ఆ ఇద్దరు ఎవరై ఉండొచ్చో జతలు రాయండి: రవి-సుమ, రవి-కిరణ్, రవి-లత, సుమ-కిరణ్, సుమ-లత, కిరణ్-లత. ఆరే ఆరు. ఇక ఆటంతా వీటిని కొట్టేసుకుంటూ పోవడమే, వాడు ఎందుకు నవ్వాడు, ఆమె ఎందుకు నీళ్లు తాగింది, అవన్నీ తర్వాత.

మొదటి మిషన్‌కి ఇద్దరే. రవి, సుమ వెళ్లారు, ఒక సక్సెస్, ఒక ఫెయిల్ వచ్చాయి. స్పై కానివాళ్లు ఫెయిల్ వేయకూడదు, రూలే అది, అంటే ఇద్దర్లో ఒకరైనా స్పై. కిరణ్-లత జత కొట్టేయండి. ఐదు మిగిలాయి.

ఇదిగో ఇక్కడే అందరూ బోల్తా పడతారు (నేనూ ఇలా బోలెడు ఆటలు పోగొట్టుకున్నా). "డౌటంతా రవి, సుమ మీదే, మనం ముగ్గురం క్లీన్, మనమే వెళ్దాం పదండి" అంటారు, రెండో మిషన్‌కి కావాల్సింది కూడా సరిగ్గా ముగ్గురే కాబట్టి ఎవరూ అడ్డం చెప్పరు. కాగితం చూడండి ఒకసారి. ఐదు జతల్లో నాలుగింట్లో కిరణో లతో ఉన్నారు! ఆ టీమ్ క్లీన్ అవ్వాలంటే రవి, సుమ ఇద్దరూ స్పైలై ఉండాలి, ఒకరు ఫెయిల్ వేసి ఇంకొకరు ఆగిపోయి ఉండాలి, అదీ మాట్లాడుకోకుండా. జరగదని కాదు, అందుకే ఆ జతని కొట్టేయను, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంటా.

మరి ఎవర్ని పంపాలి? మీరు, రవి-సుమల్లో ఒకరు, కిరణ్-లతల్లో ఒకరు. అలాంటి టీమ్‌లు నాలుగు, ప్రశ్న గుర్తు పెట్టిన రవి-సుమ జతని పక్కన పెడితే వాటిలో ఏదో ఒకటే క్లీన్. మొదట ఓడిన మనిషినే మళ్లీ ఎక్కిస్తావా అని గోల చేస్తారు, చేయనీండి, జతలు చదివి వినిపించండి.

సరే, మూడు సక్సెస్‌లు వచ్చాయనుకోండి. ఏ జతా కొట్టేయొద్దు. స్పై సక్సెస్ కూడా వేయొచ్చు, తెలివైనవాడు మొదట్లో అదే చేస్తాడు.

హోంవర్క్: మొదటి మిషన్‌కి మీరు, రవి వెళ్లారు, ఒక ఫెయిల్ వచ్చింది. మీ కాగితం మీద ఎన్ని జతలు మిగిలాయి? స్పై కాని కిరణ్ కాగితం మీద ఎన్ని? రెండు నంబర్లూ ఒకటే వస్తే మళ్లీ లెక్కేయండి, ఆ తేడా పట్టుకునే నాలుగో పాఠంలో ఓట్ల సంగతి చూద్దాం.