22 వేళ్ల పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకుంటే

మామూలు పిల్లికి ముందుకాళ్లకు ఐదేసి, వెనకకాళ్లకు నాలుగేసి, మొత్తం 18 వేళ్లు. మా చిట్టికి 22. ముందుకాళ్లు రెండింటికీ ఏడేసి ఉన్నాయి. చూస్తే గ్లౌజులు తొడుక్కున్నట్టే ఉంటుంది. షెల్టర్‌లో మొదటిసారి చూసినప్పుడు ఏదో జబ్బు అనుకున్నాను. జబ్బేం కాదు, వంశపారంపర్యంగా వచ్చేదే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు వచ్చినా చాలు. చాలా పిల్లులకు దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. అమెరికాలో కీ వెస్ట్‌లో రచయిత హెమింగ్వే ఒకప్పుడు ఉన్న ఇంట్లో ఇలాంటి పిల్లులు ఇప్పటికీ దర్జాగా తిరుగుతున్నాయి.

ఎంచుకునేటప్పుడు ముద్దొచ్చే వేళ్లను కాదు, గోళ్లను చూడండి. పాదాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కో వేలినీ మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. వేళ్ల సందుల్లోనూ వెతకండి. కుంటకుండా నడుస్తోందా, తల్లిని వదిలే వయసు, అంటే కనీసం ఎనిమిది వారాలు, వచ్చిందా అని చూసుకోండి. టీకాల కాగితం, నులిపురుగుల మందు వేసిన తేదీలు అడిగి తీసుకోండి.

ఇంటికి తెచ్చాక మొదటి నాలుగు రోజులూ ఒక చిన్న గది చాలు. ఒక మూల మలమూత్రాలకు లిట్టర్ ట్రే, దానికి దూరంగా తిండి, నీళ్లు, దూరి దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. ఆవుపాలు పొయ్యకండి, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇక గోళ్ల సంగతి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మామూలు గోళ్లు గీకినప్పుడు అరుగుతాయి. పక్కకు తిరిగిన అదనపు వేళ్ల గోళ్లు నేలకూ, గీకే చెక్కకూ తగలవు, అలా పెరుగుతూనే ఉంటాయి. చిట్టి ఎడమకాలిలో రెండు వేళ్ల మధ్య దాక్కున్న ఒక గోరును నేను అసలు చూడలేదు. ఒకరోజు అది అదే పనిగా కాలు నాకుతుంటే పట్టుకుని చూశాను. గోరు ఉంగరంలా చుట్టుకుని అరికాలి మెత్తలోకి దిగింది. డాక్టర్ నిమిషంలో కత్తిరించేశారు. నాకే తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి పది, పదిహేను రోజులకోసారి కత్తిరిస్తున్నాను, ఏడూ లెక్క తేలేదాకా కాలు వదలను. తిని కునుకు తీస్తున్నప్పుడు మొదలుపెట్టండి. కొన మాత్రమే తియ్యాలి. లోపల గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం, దాని జోలికి పోవద్దు. గింజుకుంటే రెండు గోళ్లతో ఆపేసి మిగతావి రేపు చూసుకోండి, టెన్షన్ పడకండి. అసలు తెచ్చిన రోజు నుంచే, కత్తిరించే పని లేకపోయినా, ఒళ్లో ఉన్నప్పుడల్లా పాదాలు నిమురుతూ ఉంటే ఈ గొడవ సగం తగ్గుతుంది.

ఆటకు చెయ్యి ఇవ్వకండి. ఇప్పుడు చక్కిలిగింతలే, పెద్దయ్యాక రక్కులు. కర్రకు ఈక కట్టి ఆడించండి, అయ్యాక దారంతో సహా లోపల పెట్టెయ్యండి, మింగితే ప్రాణం మీదికొస్తుంది. పోగులు లేచిన తువ్వాళ్లు కూడా తీసెయ్యాలి, ఆ వంకర గోళ్లు ఇరుక్కుంటాయి.

మా చిట్టికి ఈకలకన్నా నెయిల్ కట్టర్ అంటేనే మోజు. పని అవ్వగానే దాన్ని తోసుకుంటూ మంచం కిందికి తీసుకెళ్లిపోతుంది. అందుకే రెండు కొన్నాను. ఒకటి ఎప్పుడూ మంచం కిందే ఉంటుంది.